నిమ్మచెక్కతో అద్దిన పూలు

నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం ఎక్కువ. బస్సు బోర్డు చదివి కూడా డ్రైవర్ని అడుగుతాను, డ్రైవర్ చెప్పాక పక్క సీటావిడని అడుగుతాను. "నిన్ను కన్నది నేనేనంటే కూడా సాక్ష్యం అడుగుతావేమో" అని మా అమ్మ విసుక్కునేది. అలాంటిదాన్ని, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, విద్యా వాలంటీరుగా దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న ఒక పల్లెకు వెళ్లాను. ఖమ్మంలో పుట్టి పెరిగిన నాకు పామాయిల్ తోటల మధ్య ఆ ఊరు చూడగానే నచ్చింది. మనుషుల సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

నేను కిరాయికి దిగిన గది ఒక పెంకుటింటి వెనక వైపు ఉండేది. ఇంటామెను అందరూ పిలిచినట్టే నేనూ పెద్దమ్మా అనేదాన్ని. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు పాల్వంచలో కాంట్రాక్టు పని చేస్తూ, షిఫ్టులు చూసుకుని వారానికోసారి వచ్చిపోయేవాడు. ఇంట్లో ఉండేది పెద్దమ్మా, ఆమె కోడలూ. కోడలు నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. నేను వెళ్లేసరికే ఆ పిల్ల కడుపుతో ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదని బోరింగు దగ్గర ఆడవాళ్లు నాకు మొదటి రోజే చెప్పేశారు.

పెద్దమ్మకు మాట తక్కువ, చూపు ఎక్కువ. నేను బియ్యం కడుగుతుంటే చూసేది, తల దువ్వుకుంటుంటే చూసేది, ఉత్తరం రాసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసేది. బడికి పోయినప్పుడు నా గదిలోకి వస్తుందని కూడా నాకు గట్టి నమ్మకం. బయటి తలుపుకు తాళం నాదే. కానీ ఇంట్లోంచి నా గదిలోకి ఇంకో తలుపుంది, ఆ తలుపుకు గొళ్లెం వాళ్ల వైపే ఉంది. ఇలాంటి గది నేను కాబట్టి తీసుకున్నాను, ఇంకొకరైతే తీసుకునేవారు కాదు. నా ట్రంకుపెట్టె మూత మీద ఒక దారప్పోగు అడ్డంగా పెట్టి వెళ్లేదాన్ని. సాయంత్రం వచ్చి చూస్తే పోగు నేల మీద ఉండేది. గాలికి పడిందేమోలే అని సర్దిచెప్పుకునేంత మంచితనం నాకు లేదు.

ఇంకొకటి కూడా నాకు మింగుడు పడలేదు. ఆ ఇంట్లో కడుపు ఊసే ఎత్తరు. కోడలికి నెలలు నిండుతున్నాయి, నడుస్తుంటే ఆయాసం వస్తోంది, అయినా ఏమీ లేనట్టే ఉంటారు. శ్రీమంతం చేయలేదు, గాజులు తొడగలేదు, పుట్టబోయే బిడ్డకు పాత చీర చింపి పొత్తిగుడ్డలు కూడా సిద్ధం చేయలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"పురుడైనంక సూద్దాం టీచరమ్మా. అప్పటిదాంక ఎవ్వలేం మాట్లాడొద్దు, ఏం ఇయ్యొద్దు, ఏం దేవొద్దు" అంది పెద్దమ్మ.

రెండు కడుపులు పోయిన ఇంట్లో అది ఆచారమని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఇది వట్టి పీనాసితనం, దానికో ఆచారం ముసుగు అనుకున్నాను. ఆ పిల్లను చూస్తే జాలేసేది.

కొత్త సంవత్సరానికి బడిపిల్లలు ఇచ్చిన గ్రీటింగు కార్డులు నా గది గోడకు అతికించుకున్నాను. అత్త కునుకు తీసే వేళ కోడలు వచ్చి వాటిని ఒక్కొక్కటే చూసేది, వేలితో తడిమేది. "నాకెవ్వలు గ్రీటింగు ఇయ్యలేదక్కా. మా ఆయన గూడ ఇయ్యలే" అంది ఒకరోజు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నీకు నేనిస్తాను అని మనసులోనే అనేసుకున్నాను.

సత్తుపల్లి బస్టాండు దగ్గర కార్డులు దొరుకుతాయి. కానీ వాటి మీద బొద్దుగా ఉన్న పసిపిల్లల ఫొటోలు, లోపల ఇంగ్లీషు శుభాకాంక్షలు ఉంటాయి. పెద్దమ్మ కంట పడితే అంతే. అందుకని ఒక్క మాట కూడా లేని కార్డు చేద్దామనుకున్నాను. వట్టి పూలు. ఎవరైనా అడిగితే పూలే కదా అనొచ్చు.

ఖమ్మంలో మా వీధిలో పెళ్లికార్డులు అచ్చువేసే సాయిబుల ఇల్లు ఉండేది. కార్డులు కోయగా మిగిలిన మందపాటి అట్టముక్కలతో ఆ ఇంటి పెద్దక్క, నేను ఆపా అనేదాన్ని, పండుగలకు తానే కార్డులు చేసేది. నేను ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఈ పని. ఊరికి వచ్చేటప్పుడు ఆమె ఇచ్చిన అట్టముక్కలు నా ట్రంకుపెట్టెలో అడుగున ఉన్నాయి. పెద్దమ్మ వాటిని కూడా చూసే ఉంటుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అలికిడి తగ్గాక రెండు తలుపులూ మూశాను. లోపలి తలుపు సందుకు తువ్వాలు వేలాడదీశాను. అట్టను మధ్యకు మడిచి, పై భాగాన్ని తడిగుడ్డతో నీరు నిలవకుండా తడిపాను. ఆ తడి మీద కుంచెతో పసుపు, లేత ఆకుపచ్చ చుక్కలు వదిలితే అవి వాటంతటవే పాకి ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. అక్కడ చేయి పెట్టకూడదు. పెడితే బురద అవుతుంది. రంగు ఇంకా తడిగా మెరుస్తున్నప్పుడే నాలుగు ఉప్పు కల్లు చల్లాలి. ప్రతి ఉప్పురాయీ చుట్టూ ఉన్న రంగును తాగేసి, ఆరాక అక్కడ తెల్లటి మచ్చ మిగులుస్తుంది. దూరం నుంచి చూస్తే మంచు పడ్డ గడ్డిలా ఉంటుంది. అది బాగా ఆరాలి, తొందరపడితే మొత్తం పోతుంది.

ఆరేలోపు అచ్చులు కోసుకున్నాను. బెండకాయ తొడిమ దగ్గర అడ్డంగా కోస్తే అయిదు రేకుల చిన్న పువ్వు. నిమ్మకాయ సగానికి కోస్తే తొనలన్నీ రేకులే, పెద్ద పువ్వు. కానీ నిమ్మచెక్కలో రసం ఉంటే రంగు నిలవదు. రసం పిండేసి, చెక్కను బోర్లించి పాత పేపరు మీద చాలాసేపు ఉంచాలి. తర్వాత గుడ్డపేలికకు చిక్కటి ఎరుపు పట్టించి, చెక్కను దాని మీద అద్ది, అట్ట మీద నిలువుగా పెట్టి, కదపకుండా నొక్కి, నిలువుగానే లేపాలి. మళ్లీ రంగు అద్దకుండా అదే చెక్కతో పక్కన ఇంకోటి వేస్తే వెలిసిన పువ్వు పడుతుంది. ముదురువి దగ్గర పూలు, వెలిసినవి దూరం పూలు. ఆపా చెప్పిన కిటుకుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే.

ఈనెలు గీయడానికి నా దగ్గరున్న కుంచె లావుగా ఉంది. సన్న కుంచె కావాలంటే సత్తుపల్లి పోవాలి. నా జడ కొసన నాలుగు వెంట్రుకలు కత్తిరించి, చీపురుపుల్ల చివర పెట్టి, నల్లదారంతో బిగించి కట్టాను. చక్కగా గీసింది. సాయంత్రానికి కార్డు తయారైంది. లోపలి పేజీ ఖాళీగా వదిలేశాను. అంత అందమైన వస్తువు నా చేతుల మీదుగా వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. ఆ పిల్ల మొహం ఊహించుకుని సంబరపడ్డాను.

ఇక మిగిలింది చెత్త. ఇంటి వాకిట్లో పడేస్తే పెద్దమ్మ కెలికి చూస్తుందని నా అనుమానం. అందుకని ఎర్రబారిన నిమ్మచెక్కలు, బెండకాయ ముక్కలు, దులిపిన ఉప్పు, నల్లదారంతో కట్టిన వెంట్రుకల పుల్ల అన్నీ పేపర్లో చుట్టి, పొద్దుగూకుతుండగా కొంగు చాటున పట్టుకుపోయి, మూడు బాటలు కలిసే చోట వీధి వాళ్లంతా ఊడ్చిపోసే కుప్ప మీద పెట్టి వచ్చాను. వెనక్కి చూస్తూ, ఎవరూ చూడలేదు కదా అనుకుంటూ వచ్చాను. ఆ రోజు అమావాస్య అని నాకు తెలియదు. క్యాలెండరు వాళ్ల ఇంట్లో ఉంది, నా గదిలో లేదు.

చదువుతున్న మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు.

మర్నాడు బోరింగు దగ్గర నా బిందె ముందు పెట్టుకోమని జరిగారు. మర్యాద అనుకున్నాను. ఆ మర్నాడు నేను రాగానే అందరూ వెళ్లిపోయారు. రోజూ ఏదో ఒక కూర గిన్నెలో పంపే పెద్దమ్మ పంపడం మానేసింది. కోడలు నా గది వైపు రావడం మానేసింది. లోపలి తలుపు అవతల గుసగుసలు వినబడి, నేను దగ్గగానే ఆగిపోయేవి. గది ఖాళీ చేయించి ఇంకెవరో చుట్టాన్ని పెట్టుకోవాలని చూస్తున్నారు, నోటితో చెప్పలేక పొగబెడుతున్నారు అని తేల్చేసుకున్నాను. నాకు ఒళ్లు మండింది. చెబితే పోనా, ఈ నాటకమెందుకు?

ఆ వారంలోనే ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పెద్దమ్మ, పక్కింటి అవ్వ నా గుమ్మం ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు మోదుగ విస్తరిలో నా చెత్త. ఎండిపోయిన నిమ్మచెక్కలు, వెంట్రుకల పుల్ల. అవ్వ వాటిని చేత్తో తాకకుండా పుల్లతో కదిపింది.

"ఏంది టీచరమ్మా ఇది?" అంది పెద్దమ్మ.

"నా చెత్త. మీరు చెత్తకుప్పలు కూడా వెతుకుతారా?" అన్నాను నేను. ఆ నోటిదురుసు నాకు పుట్టుకతోనే వచ్చింది.

"ఐతవారం అమాస నాడు మూడు బాటల కాడ పెట్టంగ నేనే సూసిన. నిమ్మకాయ, ఉప్పు, ఎర్రగ, ఎంటికలు దారంతోటి గట్టి. దీన్ని మేమేమనుకోవాలె?" అంది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. అప్పుడు వెలిగింది నాకు. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. చేతబడి అనే మాట వాళ్లు అనలేదు, నేనూ అనలేదు.

మాటలతో లాభం లేదని గదిలోంచి రంగుల డబ్బా తెచ్చాను. అవ్వ ఇంట్లోంచే నిమ్మకాయ తెప్పించాను, నాదైతే నమ్మరు కదా. వాళ్ల ఎదుటే కోసి, పిండి, గుడ్డతో తుడిచి, ఎరుపు అద్ది, అట్టముక్క మీద నొక్కి లేపాను. పువ్వు పడింది. రసం పూర్తిగా ఆరలేదు కాబట్టి కొంచెం చెదిరింది, అయినా పువ్వే. పక్కన రంగు లేకుండా ఇంకోటి వేశాను. వెంట్రుకల పుల్లతోనే ఈనె గీసి చూపించాను.

అవ్వ ముందుకు వంగి చూసింది. "పువ్వయితె మంచిగనే పడ్డది. మరి ఉప్పెందుకు?"

తడి రంగు మీద ఉప్పు చల్లి చూపించాను. అది ఆరితే గాని తెలియదు. ముగ్గురం ఆ అట్టముక్క చుట్టూ కూర్చుని ఎదురుచూశాం. రంగు ఆరలేదు, అవ్వకు ఓపిక లేదు. "సరేగని, గిది ఎవ్వలి కోసం జేసినవ్?" అని అడిగింది.

నిజం చెబితే గొడవ వదులుతుంది అనుకున్నాను. ట్రంకుపెట్టెలోంచి కార్డు తీసి పెద్దమ్మ చేతికిచ్చాను. "మీ కోడలి కోసం" అన్నాను.

పెద్దమ్మ మొహం పాలిపోయింది. కార్డు తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు. తిప్పి చూసింది. "దాని పేరు మీదనా? కడుపుతోటున్నదాని పేరు మీదనా జేసినవ్?" అంది. నేను దాచిన సంగతి, రాయకుండా వదిలిన పేజీ, మూసిన తలుపులు అన్నీ ఒక్కసారిగా నా మీదికే తిరిగాయి. అవ్వ లేచి నిలబడి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఈ మాట ఈ గోడ దాటొద్దు" అంది పెద్దమ్మ అవ్వతో. అవ్వ తలూపింది. చీకటి పడేలోపు ఊరంతా తెలిసింది. కార్డు పెద్దమ్మ దగ్గరే ఉండిపోయింది. అడిగే ధైర్యం నాకు రాలేదు.

అప్పటి నుంచి ఆ కడుపులోని బిడ్డకు ఏం జరిగినా చేసింది నేనే. ఎవరూ ఆ మాట నా మొహం మీద అనలేదు, అననక్కర్లేదు కూడా. బడిలో పిల్లలు పలచబడ్డారు. బట్టలు సర్దుకుని ఖమ్మం పోదామని బ్యాగు తీస్తే పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇప్పుడు పోతె జేసి పారిపోయిందంటరు. పురుడయ్యేదాంక గీడనే ఉండు" అంది.

నాకు అనుమానం వచ్చింది. ఏదైనా జరిగితే చేతికి దొరకాలని కాబోలు నన్ను ఆపుతోంది. ఆ రాత్రి నుంచి ఆమె తన మంచం తెచ్చి నా బయటి గుమ్మానికి అడ్డంగా వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. లోపల ఉక్కపోస్తోందని సాకు. చలి ఇంకా పూర్తిగా పోలేదు, ఉక్కేమిటి? నన్ను కాపలా కాస్తోంది. మంచం కిర్రుమన్నప్పుడల్లా నాకు మెలకువ వచ్చేది. ఆమెను అంతగా అసహ్యించుకున్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. గోడ అవతల ఆ పిల్ల దగ్గితే మాత్రం లేచి కూర్చునేదాన్ని.

నొప్పులు చెప్పిన సమయం కంటే ముందే వచ్చాయి. నేను బడిలో ఉన్నాను. పెద్దమ్మ స్వయంగా వచ్చి, పిల్లల ముందే నా చెయ్యి పట్టుకుంది. "జీపొచ్చింది. నువ్వు గూడ ఎక్కు."

"నేనెందుకు?"

"ఎక్కు అంటున్న గద."

వెనక సీట్లో కోడలు పళ్లు బిగబట్టి మూలుగుతోంది. నన్ను చూసి "అక్కా" అంది. అంతకుమించి అనలేకపోయింది. జీపు సత్తుపల్లి రోడ్డెక్కింది. తోటలు దాటుతుండగా వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ మరిది, ఊరి మగవాళ్లు కొందరు బండ్ల మీద మా వెనకే వస్తున్నారు. రక్తం అవసరమైతే ఇస్తారేమోలే అనుకున్నాను. కొడుక్కి పాల్వంచ కబురు చేశారు, అతను ఇంకా రాలేదు.

దవాఖానాలో కోడలిని లోపలికి తీసుకెళ్లారు. వరండాలో బల్ల మీద పెద్దమ్మ నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. మణికట్టు పట్టుకున్న పట్టు వదల్లేదు. నీళ్లు తాగొస్తానన్నా వదల్లేదు, తానూ నాతో కుళాయి దాకా వచ్చింది. మగవాళ్లు గేటు దగ్గర చెట్టు కింద గొంతుక్కూర్చున్నారు. వాళ్లలో ఎవరూ బీడీ కూడా కాల్చడం లేదు. లోపలి నుంచి అరుపు వినబడినప్పుడల్లా తలలెత్తి వరండా వైపు చూస్తున్నారు. ఆ చూపులు తలుపు మీదనో నా మీదనో తేల్చుకోలేకపోయాను.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. పారిపోకుండా పట్టుకుంది, ఈమె పట్టు విడిపించుకుని బస్టాండుకు పరిగెత్తగలనా అని ఆలోచించాను. గేటు ఒకటే ఉంది. ఏ దేవుణ్ని అడగాలో తోచక, ఆ పిల్లా, ఆ బిడ్డా బతకాలని మాత్రం అదేపనిగా అనుకున్నాను. వాళ్ల కోసం ఎంతో నా కోసం ఎంతో వేరు చేయలేను.

నర్సమ్మ వచ్చి "ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు" అంది.

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత లేచింది, నా మణికట్టు పట్టుకునే లేచింది. నన్ను వెంటబెట్టుకుని గేటు దాకా నడిచింది. "ఆడపిల్ల పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు. ఇగ పోండ్రి" అంది మరిదితో.

వాళ్లు లేచారు. తువ్వాళ్లు దులుపుకున్నారు. మరిది నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. బండ్లు స్టార్టు చేసుకుని ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఒక్కరు కూడా పిల్లను చూస్తామని అడగలేదు.

"పిల్లను చూడకుండా పోతున్నారేంటి పెద్దమ్మా?" అన్నాను.

"ఆళ్లు పిల్ల కోసం రాలే బిడ్డా" అంది ఆమె. అప్పటిదాకా ఎప్పుడూ నన్ను బిడ్డా అనలేదు. "నా పక్కన కూసున్నదాన్ని నా కండ్ల ముందట ఎవ్వడు ముట్టడు. గందుకే తెచ్చుకున్న. నీ వాకిట్ల పండుకున్నది గూడ గందుకే."

"మీరు నమ్మారా మరి నన్ను?"

"ఏమో, నాకు తెల్వదు" అంది. అబద్ధం చెప్పలేదు. నా మణికట్టు వదిలేసి కోడలిని చూడ్డానికి వార్డు వైపు తిరిగింది. గేటు దగ్గర ఒక్కదాన్నే నిలబడి బండ్లు పోయిన రోడ్డు వైపు చూశాను. నాలుగడుగులు వేసి నేనే ఆమె చెయ్యి పట్టుకున్నాను.